మత్సుమొతొ సెయిచో: అపరాధకథయు సంఘమును

మన యిండ్లలో అపరాధపరిశోధక నవలకు దొరకు గౌరవ మెట్టిదో మా చదువరులకు వేఱుగ జెప్పనక్కఱలేదు. పురాణము పీఠముమీదను, కావ్యము బీరువాలోను, ఈ నవల దిండుక్రిందను ఉండుట వాడుక. దానిని చదువుచు పట్టుబడిన బాలుడు తండ్రిచేత చీవాట్లు తినును. ఆ తండ్రియే రాత్రి దీపము దగ్గఱ బెట్టుకొని దానిని ముగించును. ఇట్టి సాహిత్యము మంచిదా చెడ్డదా యను వాదమునకు మేము పూనుకొనలేదు. ఇట్టి కథలనే వ్రాసి, మర్యాదస్థుల యిండ్లలో మూసిపెట్టబడిన సంగతులను తన దేశముచేతనే చదివించిన యొక జపానీయుని చరిత్రమును చెప్పవలెనని మాత్రమే మా యుద్దేశము. అతని పేరు మత్సుమొతొ సెయిచో.

దస్తావేజులను బట్టి యతడు 1909వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన, క్యూషూ ద్వీపమున కుత్తరపు కొననున్న కొకురా పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు కియొహరు. ఆ పేరును వ్రాయు చైనా యక్షరములనే వేఱొక విధముగ నుచ్చరించినయెడల సెయిచో యగును. ఆ యుచ్చారణమే తరువాత లోకప్రసిద్ధమయ్యెను. అతనికి ముందు పుట్టిన యాడుబిడ్డ లిద్దఱును శైశవముననే పోయిరి. తండ్రి చిల్లరవ్యాపారములు చేయుచు, కొన్నాళ్లు చిన్న భోజనపు దుకాణము నడుపుచు, చేతిలో డబ్బు లేకున్నను నోటిలో రాజకీయముల ముచ్చట యెడతెగనివాడు. తల్లికి అక్షరములు రావు. ఇట్టి యింట పెరిగిన బాలుడు 1924లో ఉన్నత ప్రాథమికపాఠశాల చదువు ముగియగానే యొక విద్యుత్సామగ్రి కంపెనీలో బంట్రోతుగ జేరెను. తనతో చదువుకొన్న పిల్లలు పై పాఠశాల దుస్తులతో వీధిలో నెదురుపడినప్పుడు సిగ్గుతో కుంచించుకొనిపోయితినని యతడు తన జీవితకథలో వ్రాసికొనినాడు. ఆ సిగ్గు అతని కథలన్నిటికిని అడుగున నున్నదని మా యభిప్రాయము. పరీక్ష పాసైనవానికిని కానివానికిని, రాజధానినుండి వచ్చినవానికిని ఊరివానికిని నడుమ నున్న గోడను అతడు వ్రాసినంత బాగుగ వ్రాసినవా రరుదు.

కంపెనీశాఖ మూతపడుటచే నతడు పని పోగొట్టుకొని, 1928లో రాతి అచ్చు వేయు ముద్రణశాలలో శిష్యుడుగ ప్రవేశించెను. చదువు మానలేదు. అకుతగావా ర్యునొసుకె, కికుచి కాన్ మొదలగువారి కథలను, అపరాధకథలు ప్రకటించు పత్రికలను దొరకినంతమట్టుకు చదివెను. సమీపమున నున్న యహతా ఉక్కుకర్మాగారపు పనివారిలో అతనికి సాహిత్యమిత్రులు కొందఱుండిరి. వారు కార్మికపక్షపు పత్రికలు తెప్పించి చదివెడివారు. ఆ కారణమున 1929లో రక్షకభటులు వారిని పట్టుకొన్నపు డితనినిగూడ పట్టుకొని పదిదినములకు పైగ ఠాణాలో నుంచిరి. విడుదలయై యింటికి వచ్చునప్పటికి భయపడిన తండ్రి కొడుకు పుస్తకములన్నియు తగులబెట్టి యుండెను. ఇకమీద చదువరాదని కట్టడియు చేసెను. తండ్రిని నిందింపజాలము. ఉన్న యొక్క కొడుకును కాపాడుకొనుట కతనికి తెలిసిన మార్గ మదియే.

1937లో అసాహి షింబున్ అను గొప్ప దినపత్రిక కొకురాలో కొత్త కార్యాలయము కట్టగా, ఇతడు తానే జాబు వ్రాసికొని ప్రకటనల అక్షరములు, బొమ్మలు చిత్రించు పని సంపాదించెను. అది మొదట బయటివానికిచ్చిన పనియే గాని యుద్యోగము కాదు; సరియైన యుద్యోగ మగుటకు కొన్నియేండ్లు పట్టెను. ఆ కార్యాలయమున విశ్వవిద్యాలయమునుండి వచ్చిన విలేఖరు లొక జాతి, ఊరిలో చేర్చుకొన్న పనివా రొక జాతి. ఒకే కప్పుక్రింద నున్నను వీరికి వారికి పంక్తిభేద ముండెను. కులభేదమును పుట్టుకనుబట్టి చూచు మనకిది క్రొత్తగ దోచవచ్చును గాని, భేదమును పాటించు మనస్సు దేనినైనను ఆధారము చేసికొనగలదు.

యుద్ధమువచ్చెను. అతడు సేనలోనికి పిలువబడి, కొరియాలో గాయపడినవారికి శుశ్రూష చేయు సిపాయిగ నుండి, ఓటమి తరువాత ఇంటికి మరలెను. ముసలి తల్లిదండ్రులు, భార్య, బిడ్డలు, పత్రిక యిచ్చు జీతము చాలదు, దేశమంతటను కఱవు. అత్తవారి ప్రాంతమున చీపుళ్లు కట్టుదురు. ఆ చీపుళ్లను కొని, సెలవుదినములలో రైలెక్కి, హిరోషిమా మొదలుకొని ఒసాకా, క్యోటోల దాక పోయి దుకాణములకు టోకున నమ్ముచు 1948 వఱకు సంసారము నీదుకొనివచ్చెను. ఏ బండి యెక్కడ నెంతసే పాగును, ఏ స్టేషనులో ఏ బండి తప్పిన మఱియొకటి దొరకును అనునది యతనికి గ్రంథములవలన వచ్చిన జ్ఞానము కాదు. చీపురుకట్టలు మోసినవాని జ్ఞానము.

1950లో ఒక వారపత్రిక కథలపోటీ ప్రకటించెను. బహుమానపు సొమ్ముకొఱకే వ్రాసితినని యతడే చెప్పినాడు. 1877లో సైగొ తకమొరి జపాను ప్రభుత్వముపై తిరుగబడినపు డాతని సేన ప్రకటించిన కాగితపు నాణెమును గూర్చి విజ్ఞానసర్వస్వమున కంటబడిన కొన్ని పంక్తులే యా కథకు బీజము. తిరుగుబాటు ఓడిపోయిన తరువాత ఆ నోట్లు చిత్తుకాగితములు. వానిని నమ్మినవారి గతి యేమి? ‘సైగొ నోట్లు’ అను నా కథకు మూడవ బహుమానము వచ్చెను. 1951లో అది యచ్చుపడునప్పటికి రచయితకు నలువదియొక్క యేండ్లు. ఆ వయస్సున మన గ్రంథకర్తలు పలువురు షష్టిపూర్తి సంచికకు వ్యాసములు కూర్చుకొను ఆలోచనలో నుందురు!

మఱుసటి యేడు వ్రాసిన ‘ఒక కొకురా దినచర్య చరిత్రము’ అను కథకు అకుతగావా బహుమానము వచ్చెను. జపానులో శుద్ధసాహిత్యమునకు అకుతగావా బహుమానమును, జనరంజకసాహిత్యమునకు నవొకి బహుమానమును ఇత్తురు. ఈ కథ మొదట రెండవదానికొఱకు పరిశీలింపబడి, అక్కడి న్యాయనిర్ణేతలచే మొదటిదానికి పంపబడెను. ఏ గదిలో కూర్చుండబెట్టవలెనో తెలియని యతిథివలె ఆ దేశపు విమర్శకు లతనిని తుదివఱకును చూచుటకు ఇది నాంది. న్యాయనిర్ణేతలలో నొకడైన సకగుచి అంగొ, ఈ వచనము హంతకుని జాడ తీయుటకుగూడ సమర్థమైనదని యప్పుడే కనిపెట్టెను.

ఆ కథ కొంచెము చెప్పవలసియున్నది. మొరి ఓగై యను మహారచయిత సైనికవైద్యుడుగ 1899 మొదలు 1902 వఱకు కొకురాలో నివసించెను. ఆ కాలపు దినచర్యపుస్తకము కనబడకపోయెను. కొకురాలో నొక యువకుడు, కాలు సరిగ నడువదు, మాట స్పష్టముగ రాదు, చూచువా రతనిని తెలివితక్కువవా డనుకొందురు, బుద్ధిమాత్రము చురుకైనది. పోయిన యా దినచర్యను, ఓగై నెఱిగిన ముసలివారిని వెదకి వెదకి, వారి జ్ఞాపకములనుండి తిరిగి కట్టవలెనని యతడు జీవితము ధారపోయును. మాట తెలియని గృహస్థులు తలుపు వేసికొందురు. తల్లి కొడుకు ప్రక్కన నిలిచి యతని మాటను వారికి చెప్పును. యుద్ధానంతరపు కఱవులో నతడు చనిపోవును. అతడు పోయిన కొలదినెలలకే అసలు దినచర్యపుస్తకము టోక్యోలో దొరకును. ఆ దినచర్య దొరకిన సంగతి యెఱుగక చనిపోవుట అతని కదృష్టమో దురదృష్టమో యని కథకుడు పాఠకుని యెదుట పెట్టి యూరకుండును. ఇందులో హత్య లేదు, పరిశోధకుడు లేడు. ఐనను వెదకుట యను పనికి మనుష్యు డెంత వెల యిచ్చునో తెలుపు నిట్టి కథ మఱియొకటి మే మెఱుగము.

అతడు 1953లో టోక్యోకు మాఱి, 1956లో పత్రికోద్యోగము విడిచి, కలమునే నమ్ముకొనెను. అప్పటి జపాను అపరాధకథ స్థితిని గూర్చి యొక మాట. ఆ శాఖకు పితామహుడు ఎదొగావా రంపో. 1923లో ‘రెండు సెన్నుల రాగినాణెము’ అను కథతో ప్రవేశించిన యితడు అమెరికా రచయిత ఎడ్గార్ ఆలన్ పో పేరునే జపాను నోటికి తగినట్లు మార్చి తన పేరుగ పెట్టుకొనినవాడు. అద్దపుగదులు, వికృతాకారులు, మూయబడిన గదిలో హత్యలు - ఇవి యా కాలపు సామగ్రి. సెయిచోకు రంపోయం దాదరమున్నను, అపరాధకథను ఆ దయ్యాలకొంపనుండి వెలుపలికి, వాస్తవలోకములోనికి తేవలెనని యతని పట్టుదల. ఎవడు చంపెను, ఎట్లు చంపెను అను ప్రశ్నలకంటె ఏల చంపెను అను ప్రశ్నయే గొప్పదని యతని మతము. చంపువాడు రాక్షసుడు కాడు, మన ప్రక్కింటి గృహస్థుడు. అతనిని దానికి పురికొల్పునది పిచ్చి కాదు, తన గౌరవము పోవునను భయము. ఆ దేశమున యుద్ధానంతరము ‘పరిశోధకనవల’ యను మాటయే మాఱి ‘అనుమాననవల’, అనగా ఊహించి తర్కించు నవల, యయ్యెను. పాతమాటలోని యొక యక్షరము 1946లో ప్రభుత్వము కుదించిన లిపిపట్టికలో లేకపోవుట దీనికొక కారణము. లిపిసంస్కరణము సాహిత్యశాఖకు పేరు పెట్టుట విచిత్రమే.

గృహిణులైన మా పాఠకులు ముందుగ చదువవలసినది 1955నాటి ‘కాపు’ అను చిన్నకథ. హత్య చేసి పాఱిపోయినవాడు తన పూర్వపు ప్రియురాలిని చూడ వచ్చునేమో యని యొక రక్షకభటుడు ఆమె యింటి కెదురుగ సత్రములో గది తీసికొని దినములతరబడి కాపు వేయును. ఆమె యిప్పుడొక బ్యాంకు ఉద్యోగికి రెండవభార్య. భర్త యామెకంటె ఇరువదియేండ్లు పెద్ద, పిసినారి, సవతిబిడ్డలు ముగ్గురు. ఇంటిఖర్చునకు దినమునకు నూఱుయెన్లు లెక్కపెట్టి యిచ్చును. బట్టలుతుకును, ఊడ్చును, బజారునకు పోవును, వచ్చును. ఆమె ముఖమున నవ్వులేదు, దుఃఖమును లేదు. కాపున్నవాడు నేరస్థునికొఱకు వచ్చి గృహిణిజీవితమును చూచుచుండును. ఒకనాడు నేరస్థుడు రానేవచ్చును. కొండప్రక్కన వారిద్దఱును కలిసికొన్న కొలదిగంటలలో ఆ స్త్రీ వేఱొక మనిషివలె నగును, నవ్వును, పరుగెత్తును. అతనిని పట్టుకొన్న తరువాత రక్షకభటుడు ఆమెతో చెప్పు మాట యొక్కటే: ఇప్పుడు బస్సెక్కినచో భర్త యింటికి వచ్చులోపల చేరవచ్చునని. కథ ముగియును. నేరమునకు శిక్ష ఉరియో కారాగారమో కావచ్చును. ఏ నేరమును లేక యావజ్జీవశిక్ష ననుభవించు నా యిల్లాలి మాట యే ధర్మశాస్త్రమున నున్నది? స్త్రీపునర్వివాహము, వృద్ధవివాహము మొదలగువానిని గూర్చి మన సంస్కర్తలు వ్రాసిన వ్యాసములు వందలు. ఈ కథలో వాదమన్నది లేదు, నూఱుయెన్ల లెక్క మాత్రమున్నది.

అతనికి ఇంటింట పేరు తెచ్చినది ‘బిందువులు, రేఖలు’. ఇది 1957 ఫిబ్రవరి మొదలు మఱుసటి జనవరి వఱకు ప్రయాణికులకొఱకు నడుపబడు ‘తబి’ యను మాసపత్రికలో వెలువడెను. హకతా సమీపమున కషి సముద్రతీరమున ఒక పురుషుడు, ఒక స్త్రీ ప్రక్కప్రక్కన చచ్చిపడియుందురు. ప్రేమికులు కలిసి విషము త్రాగిరని యందఱును తలంతురు. ఆ దేశమున నట్టి మరణములు కథలకు, నాటకములకు శతాబ్దములుగ పరిచితములే. ముసలి రక్షకభటు డొకనికి మాత్రము పురుషుని జేబులో దొరకిన రైలుభోజనశాల రసీదు మనసున గ్రుచ్చుకొనును. అందులో ‘ఒక్కరికి’ అని యున్నది. చావబోవు ప్రియుని ఒంటిగ భోజనమునకు పంపి కూర్చున్న ప్రియురాలు కలదా? ఎంత చిన్న శంక! అతడు తన కూతురిని, ఆమె కాబోవు మగనిని అడిగి చూచును. ఈ ప్రశ్నకు పుస్తకములలో జవాబు లేదు.

చనిపోయినవా డొక మంత్రిత్వశాఖలో చిన్న యధికారి. ఆ శాఖలో లంచముల వ్యవహారము బయటపడుచున్న సమయమది. అనుమానింపబడు వర్తకుడు ఆ దినమున దేశపు రెండవకొనయైన హొక్కయిదోలో నుండినట్లు సాక్ష్యములు చూపును. టోక్యో స్టేషనులో పదుమూడవ వేదికనుండి చూచినచో పదునైదవ వేదికమీది ‘అసకజె’ యను నతివేగపు బండి యగపడుటకు నడుమ నే బండియు నడ్డురాని సమయము సాయంకాలము 5-57 మొదలు 6-01 వఱకు, దినమునకు నాలుగే నిమిషములు. ఆ నాలుగు నిమిషములలోనే ఆ జంటను చూచితిమని చెప్పు సాక్షులు ఏర్పడుట కాకతాళీయమా? ఇందుపై కట్టిన యల్లిక చదువరిని విడువదు. దీనిని చదివిన మాలో నొకరు రెండు దినములు రైళ్ల వేళాపట్టికనే నవలవలె చదివిరి! అయితే మేము మెచ్చునది యల్లికను కాదు, ముగింపును. నేరము తేలును. వర్తకుడును అతని భార్యయు శిక్ష తప్పించుకొని చత్తురు. లంచమునకు మూలమైన పై యధికారియో వేఱుశాఖకు మాఱి హాయిగ నుండును. చిన్నగుమాస్తా చచ్చి పైవారిని రక్షించుట యను నాచారమును గూర్చి పరిశోధకుడు జాబులో చేదుగ వ్రాసికొనును. అంతకుముందు అపరాధనవలలో నేరస్థుడు పట్టుపడగానే లోకము శుభ్రమయ్యెడిది. ఇందులో నట్లు కాలేదు.

ఇక్కడ నొక ప్రసక్తి. అమెరికాలో డాషియల్ హామెట్, రేమండ్ చాండ్లర్ అను వారు చలింపని మనస్సుతో, క్లుప్తమైన వాక్యములతో, లంచగొండి నగరములలో నొంటరిగ తిరుగు పరిశోధకుని కథలు వ్రాసిరి. జపానులో ఆ మార్గమును నేరుగ ననుసరించినవారు లేకపోలేదు. 1958లో విద్యార్థిగ నున్నపుడే ‘మృగము చావవలెను’ అను కథతో వెలసిన ఓయబు హరుహికొ తుపాకులతోను క్రౌర్యముతోను నింపి వ్రాసెను. 1989లో నవొకి బహుమానము పొందిన హరా ర్యో చాండ్లరును గురువుగ నెంచి మితభాషియైన పరిశోధకుని సృష్టించెను. సెయిచో యా గుంపునకు చెందడు. అతని రక్షకభటుడు తుపాకి పేల్చడు, పందెములాడడు; చెప్పులరగ తిరుగును, మూడవతరగతిలో నిలుచుండి ప్రయాణము చేయును, ఖర్చులపద్దు వ్రాసి పైయధికారికి భయపడును, ఇంటికి వచ్చి పూలకుండీకి నీళ్లు పోయును. అయినను చలింపని చూపునకు వస్తే, అమెరికావారి కితడు తీసిపోడు. అతడు కన్నీళ్లు పెట్టడు, రసీదు చూపును.

‘సున్నకేంద్రము’ అను నవల ఎక్కువభాగము రంపో సంపాదకుడుగ నున్న ‘హోసెకి’ పత్రికలో 1958 మొదలు 1960 వఱకు వచ్చెను. పెండ్లియైన వారము దినములకే భర్త మాయమగును. ఆ నవవధువు మంచుగప్పిన ఉత్తరసముద్రతీరమున నతనిని వెదకుచు పోయి, తాను పెండ్లాడినవా డెవడో తెలిసికొనును. ఓడిన దేశమున అమెరికాసేనలు దిగియున్న యేండ్లలో ఆకలికి వారివెంట పోయిన స్త్రీలు వేలకొలది. అట్టివారిలో నొకతె తరువాత పెద్దయింటి గృహిణియై, ఊరి స్త్రీలలో పెద్దయై, సభలలో గౌరవింపబడుచుండును. ఆమె పూర్వము నెఱిగినవా డొకడు కనబడును. అతడు బెదిరింపలేదు, ఎఱుగుట చాలును. ఈ నవలలో హంతకురాలిని ద్వేషించుట మాకు సాధ్యము కాలేదు. పతితల నుద్ధరింపవలెనని సభలు చేయు మనము, ఉద్ధరింపబడినవారు మన ప్రక్కన కుర్చీమీద కూర్చుండిన నేమి చేయుదుము?

అతని కీర్తికి శిఖరము ‘ఇసుకపాత్ర’. 1960 మే మొదలు 1961 ఏప్రిల్ వఱకు యొమియురి పత్రిక సాయంకాలపు సంచికలో వచ్చెను. టోక్యోలో కమతా రైలుబండ్ల నిలువుచోట నొక ముసలివాని శవము. తొలిరాత్రి యొక చిన్న మద్యశాలలో అతడును మఱియొకడును ఉత్తరదేశపు యాసలో మాటలాడుట విన్నవా రున్నారు. వినబడిన యొకేమాట ‘కమెద’. ఉత్తరమున వెదకి వెదకి విసిగిన తరువాత, అట్టి యాసయే దూరముగ పశ్చిమమున ఇజుమొ సీమలోను కలదనియు, అక్కడ కమెదకె యను నూరున్నదనియు భాషాశాస్త్రజ్ఞునివలన తెలియును. యాసనుబట్టి ఊరు పట్టుట మన తెలుగువారికిని తెలిసిన విద్యయే. చనిపోయినవాడు ఆ యూరిలో పూర్వము రక్షకభటుడు, దయామయుడు, అతనికి శత్రువే లేడు. శత్రువే లేనివానిని చంపవలసినవా డెవడు?

ఇరువది చిల్లర యేండ్ల క్రిందట ఆ యూరికి కుష్ఠరోగియైన తండ్రియు చిన్నకొడుకును తిరిపెమెత్తుచు వచ్చిరి. రక్షకభటుడు తండ్రిని చికిత్సాలయమునకు పంపి, బాలునికి నీడ యిచ్చెను. బాలుడు పాఱిపోయెను. జపానులో ప్రతి కుటుంబమునకును ప్రభుత్వమువారు వంశపట్టిక యుంచుదురు. పెండ్లికి, ఉద్యోగమునకు దాని నకలు చూచుట వాడుకగ నుండెను. 1945 మార్చిలో ఒసాకాపై పడిన బాంబులకు ఆ పట్టికలు కాలిపోగా, నోటిమాటమీద క్రొత్తపట్టికలు వ్రాయబడెను. ఆ సందున బాలుడు వేఱొక తల్లిదండ్రులను, వేఱొక పేరును సంపాదించి, ప్రసిద్ధ సంగీతకర్తయై, మంత్రికూతురిని పెండ్లాడబోవుచుండును. అట్టిసమయమున తన కుపకారము చేసినవాడే సంతోషముతో చూడవచ్చెను.

ఈ నవలలో లోపములు లేవనము. సంగీతకర్త శబ్దతరంగములతో మనుష్యులను చంపుట నమ్మశక్యము కాదు. దినపత్రికకు దినదినము వ్రాయుటచే కథ యక్కడక్కడ సాగినది. 1974లో నొమురా యొషితారో తీసిన చలనచిత్రము ఆ శబ్దతరంగముల గొడవ విడిచి, తండ్రీకొడుకుల యాత్రనే ప్రధానము చేసెను. నవలలో చనిపోయిన తండ్రి చిత్రమున బ్రతికియుండి, కొడుకు చిత్తరువు చూపగా నెఱుగనని యేడ్చును. చిత్రము నవలను మించినదను వారితో మేము ఏకీభవింతుము.

అయితే చూడవలసిన సంగతి వేఱు. జపానులో 1907నాటి చట్టము తిరుగాడు కుష్ఠరోగులను పట్టి యుంచుటకు పుట్టెను. 1931లో రోగు లందఱిని బంధించుటకు విస్తరింపబడెను. చికిత్సాలయములలో వివాహము కావలెనన్న సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చెడిది. రోగమును మాన్పు మందు 1940 తరువాతి దశకముననే వచ్చెను. జపానులోను వాడుకలోనికి వచ్చెను. ఐనను 1953లో బంధనమును నిలుపు క్రొత్తచట్టమే చేయబడెను. దానిని రద్దుచేయుట 1996లో! అనగా ‘ఇసుకపాత్ర’ అచ్చుపడునప్పటికి రోగము మానునదియే. మానని దాని పేరు మాత్రమే. చలనచిత్రము తీయునపుడు రోగుల సంఘము వారు ఇది తమయెడ ద్వేషమును పెంచునని యాక్షేపించిరి. తుదకు రోగము మానునదనియు, అడ్డుగ నున్నది దురభిప్రాయమే యనియు తెలుపు వాక్యములు చిత్రాంతమున చేర్చబడెను. ఆ యాక్షేపణ న్యాయమైనదే. వారి దుఃఖము ఇతరులకు కథ, వారికది యిల్లు. 2001 మే 11వ తేదీన కుమమొతొ న్యాయస్థానము ప్రభుత్వముదే తప్పని తీర్పు చెప్పెను. 2019లో అదే న్యాయస్థానము రోగుల కుటుంబములవారికిని పరిహార మీయవలెనని తీర్చెను. ఆ రెండవ తీర్పు ‘ఇసుకపాత్ర’ బాలునివంటివారికొఱకు. మనకును చెప్పుకొన గొప్ప లేదు: 1898నాటి కుష్ఠరోగుల చట్టము మన దేశమున 2016 వఱకు చట్టముల పట్టికలో నుండెను; భార్యాభర్తల విడాకులకు కుష్ఠము కారణముగ నుండుట 2019లోగాని తొలగలేదు.

కల్పితకథ చాలక, సెయిచో యథార్థములలోనికి దిగెను. 1960లో ‘జపానుమీది నల్లని పొగమంచు’ అను పేర ఏడాదిపాటు ఒక మాసపత్రికలో అమెరికా యధికారకాలమున జరిగిన విపరీతములను పరిశీలించెను. జాతీయ రైలుసంస్థ మొదటి యధ్యక్షుడు షిమొయామా సదనొరి 1949 జూలై 5వ తేదీన కార్యాలయమునకు పోవుచు మాయమై, మఱునాటి తెల్లవాఱుజామున రైలుపట్టాలమీద ఖండఖండములుగ కనబడెను. దీని వెనుక అమెరికా సేనల గూఢచారుల చేయి కలదని యితని సిద్ధాంతము. ఓఒకా షోహెయి మొదలగు రచయితలు ముందే నిశ్చయించుకొన్న సమాధానమునకు సాక్ష్యములు కూర్చినాడని విమర్శించిరి. మాకు నా విమర్శలో సత్యము కనబడుచున్నది. నవలలో శంకకు శంకగానే విలువ యుండును. చరిత్రలో శంకను సిద్ధాంతము చేయుటకు మఱికొంత సాక్ష్యము కావలెను. కాని నోరెత్తరాని కాలమును గూర్చి మొట్టమొదట నోరెత్తినవాడు కొంచె మెక్కువగ పలుకుట సహజము.

1948 జనవరి 26వ తేదీన టోక్యోలో నొక బ్యాంకునకు ఆరోగ్యశాఖవాడనని చెప్పి వచ్చిన మనుష్యుడు మందని విషము త్రాగించి పండ్రెండుగురిని చంపెను. హిరసవా సదమిచి యను చిత్రకారునికి మరణశిక్ష విధింపబడెను. అట్టి విషమును అంత నేర్పుతో వాడగలవాడు చిత్రకారుడు కాడు, సేనలో విషప్రయోగము నభ్యసించినవాడై యుండవలెనని సెయిచో 1959లో వ్రాసి, తరువాత హిరసవా విడుదలకై యందోళనము చేసినవారితో చేరెను. ప్రభుత్వ మతనిని ఉరితీయలేదు, విడువనులేదు. 1987లో తొంబదియైదవ యేట నతడు చెఱలోనే మరణించెను.

ఈ పనులన్నియు నొక్కడే యెట్లు చేసెనో యాశ్చర్యము. ఒకేసారి పలు పత్రికలకు ధారావాహికలు; చేయి తిమ్మిరెక్కి కలము పట్టలేక, సంక్షిప్తలేఖకునిచే వ్రాయించెను. మొత్తము రచనలు వేయికి దగ్గఱగ లెక్కింపబడుచున్నవి. వానిలో చప్పవి లేకపోలేదు. 1964 మొదలు 1971 వఱకు వ్రాసిన ‘షోవా చరిత్ర త్రవ్వకము’ సైనికులు ప్రభుత్వమును మ్రింగిన క్రమమును దస్తావేజులతో చూపు గ్రంథము. 1970లో అతనికి కికుచి కాన్ బహుమానము లభించెను. పండితులు మాత్ర మతనిని నడవలోనే యుంచిరి: జపాను సాహిత్యసంపుటముల నొక ప్రకాశకుడు కూర్చినపుడు సెయిచోకు చోటీయరాదని మిషిమా యుకియొ పట్టుబట్టి తన మాట నెగ్గించుకొనెను. మిషిమా వచనసౌందర్య మితనికి లేదు, నిజమే. మిషిమా కథలలో ఇంటిఖర్చునకు నూఱుయెన్లు లెక్కపెట్టువాడును లేడు.

1992 ఆగస్టు 4వ తేదీన సెయిచో మరణించునప్పటికి ‘దేవతల పిచ్చి’ యను ధారావాహిక అసంపూర్తిగ నుండెను. కొకురా కోట సమీపమున 1998లో తెఱచిన స్మారకశాలలో నతని యిల్లు, వ్రాయు గది, సుమారు ముప్పదివేల పుస్తకముల భాండారము టోక్యోలో నున్నట్లే యమర్చి చూపుచున్నారు. మా చదువరులలో ఇంగ్లీషు వచ్చినవారు ‘బిందువులు, రేఖలు’ను ‘టోక్యో ఎక్స్‌ప్రెస్’ అను పేర 2022లో వచ్చిన యనువాదమున చదువవచ్చును. ‘ఇసుకపాత్ర’ 1989లోనే వెలువడినది. తెలుగుచేయ బూనువారుండినచో పెద్దనవలలజోలికి పోకమునుపు ‘కాపు’ను, ‘కొకురా దినచర్య’ను చేసిపెట్టవలెనని మా కోరిక. చిన్నకథలవి, దిండుక్రింద దాచనక్కఱలేదు.